నివురుగప్పిన కన్ను

మూడో చుక్కల మందు సీసా కొన్న రోజు నాకు బాగా గుర్తు. రాత్రి పదకొండు దాటింది. జిల్లా పేజీలు ప్రెస్సుకు పంపేసి ఆఫీసు మెట్లు దిగాను. ఎడమ కన్ను చింతనిప్పులా ఉంది. వీధి దీపం వైపు చూస్తే గుడ్డు లోపల ఎక్కడో సూది దిగినట్టు నొప్పి. సందు మొదట్లో ఉన్న మెడికల్ షాపు కుర్రాడు నా మొహం చూసి, నేను నోరు తెరవకముందే అరలోంచి సీసా తీశాడు. "మళ్లీ వచ్చిందా సార్? రోజుకు నాలుగుసార్లు వేసుకోండి, మూడు రోజుల్లో పోద్ది" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మూడు రోజుల్లో పోయింది. అలా పోవడమే నన్ను ఏడు నెలలు మోసం చేసింది.

ఆ ఏడు నెలల్లో ఇద్దరు డాక్టర్లకు చూపించుకున్నాను. ఒకరు కళ్లకలక అన్నారు. ఇంకొకరు కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కదా, ఎలర్జీ, పొడిబారడం అన్నారు. అమ్మ తన వంతుగా పెరట్లోని నందివర్ధనం పూలు తడిపి రాత్రిళ్లు కళ్ల మీద పెట్టేది. పూలు చల్లగా, హాయిగా ఉండేవి. చుక్కల మందు ఇంకా హాయిగా ఉండేది. ఆ సీసాలో ఉన్నది స్టెరాయిడ్ అని, అది మంటను అణిచి కారణాన్ని అలాగే ఉంచేస్తుందని నాకు తెలియదు. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. రోజంతా అక్షరదోషాలు వెతికే ఉద్యోగం చేస్తూ కూడా ఆ ఒక్క పేరూ చదవలేదు.

మూడోసారి ఎరుపు తగ్గింది గానీ చూపు మునుపటిలా కాలేదు. ప్రూఫ్ చదువుతుంటే వాక్యం మధ్యలో ఒక బూడిదరంగు మచ్చ. తల తిప్పితే అదీ తిరిగేది. తెల్లకాగితం మీద దోమలు ఎగిరినట్టు నల్లచుక్కలు. 'క'కు తలకట్టు ఉందో లేదో కుడి కన్నుతో మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. అప్పుడు భయమేసింది. బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాను.

అక్కడ నన్ను చూసిన డాక్టరమ్మ కంటి లోపలి వాపుల మీదే పనిచేసే నిపుణురాలు. గడ్డం ఒక చెక్కమీద, నుదురు ఒక పట్టీకి ఆనించి కూర్చోమన్నారు. గదిలో దీపం ఆపి, సన్నటి వెలుగు గీత ఒకటి నా కంట్లోకి పంపారు. స్లిట్ ల్యాంప్ అంటారు దాన్ని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాతోపాటు వచ్చిన తమ్ముణ్ని పిలిచి, పక్కనున్న తెర మీద చూపించారు.

"పెంకుటింట్లో కప్పు సందులోంచి ఎండ పడితే ఆ వెలుగులో దుమ్ము తేలుతూ కనిపిస్తుంది చూశారా? ఇదిగో, మీ అన్నయ్య కంట్లో అలాగే ఉంది. మామూలుగా కంటి ముందుగదిలో నీరు పన్నీరులా తేటగా ఉండాలి. ఈ తేలుతున్నవన్నీ తెల్లరక్తకణాలు. యుద్ధానికి వచ్చాయి" అన్నారామె.

నల్లగుడ్డు వెనక గోడకు తెల్లటి ముద్దలు అంటుకుని ఉన్నాయి. వైద్యపుస్తకాల్లో వాటిని మాంసం కొవ్వుతో పోలుస్తారట. చూస్తే నిజంగా చల్లారిన మేకమాంసం కూర మీద తేలే కొవ్వు తునకల్లాగే ఉన్నాయి. కనుపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తే, గుండ్రంగా విచ్చుకోవాల్సిన పాప నాలుగైదు చోట్ల వెనకున్న కటకానికి అతుక్కుపోయి, పురుగు కొరికిన ఆకులా వంకరటింకరగా తెరుచుకుంది. అతుకులు సన్నగా కాకుండా వెడల్పుగా ఉన్నాయి. వాటి వెడల్పు చూసే ఆమె ఒక ఊహకు వచ్చారని తర్వాత తెలిసింది. ఇంకా లోపల, కంటి వెనక పొరలో, రక్తనాళాల వెంబడి పసుపు తెలుపు మరకలు. నా వాక్యాల మధ్య కూర్చున్న బూడిద మచ్చ అదే.

"ఇది ఎన్నోసారండీ?"

"మూడోసారి మేడమ్."

"మొదటి రెండుసార్లు ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్పారా?"

లేదన్నాను. ఆమె కలం పక్కన పెట్టారు. "మీ ఇంట్లో ఎవరికైనా, ఎప్పుడైనా, టీబీ వచ్చిందా?"

నేను కంటి డాక్టరు దగ్గర కూర్చున్నానా, ఛాతీ డాక్టరు దగ్గరా అని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. నాకు దగ్గు లేదు. జ్వరం లేదు. బరువు తగ్గలేదు. కానీ మా పెదనాన్న ఆఖరి ఏడాది మా ఇంటి వసారాలోనే గడిపాడు. అప్పటికి నాకు పదేళ్లు. రాత్రంతా దగ్గేవాడు. ఆయన మంచం పక్కనే చాప వేసుకుని కథలు చెప్పించుకునేవాణ్ని. ముప్పై మూడేళ్ల కిందటి మాట.

"అప్పుడు వచ్చిందని ఖాయంగా చెప్పలేను. కానీ అంతకాలం నిద్రపోవడం దానికి చేతనవును" అన్నారు డాక్టరమ్మ.

మన భాషలో నివురుగప్పిన నిప్పు అనే మాట ఉంది. నిద్రాణ క్షయకు అంతకన్నా మంచి పేరు ఏ వైద్యగ్రంథంలోనూ దొరకదేమో. ఊపిరితో లోపలికి వెళ్లిన బాక్టీరియాను శరీరం చుట్టుముట్టి, గోడకట్టి బంధిస్తుంది. చాలామందిలో అది జీవితాంతం అలాగే ఉండిపోతుంది. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందిలో క్షయ క్రిమి ఇలా ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో 2019-21 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్లు దాటినవారిలో దాదాపు 31 శాతం మందికి ఈ ఇన్ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. వారిలో అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. ఎప్పుడో ఒకసారి, ఎవరిలోనో, కొన్ని క్రిములు గోడ దాటి రక్తంలో పడతాయి. రక్తం ఎక్కడికి పోతే అవీ అక్కడికి పోతాయి. మెడ బిళ్లలకు, వెన్నెముకకు, మెదడు పొరలకు, మూత్రపిండాలకు. కంటికీ.

కన్నే ఎందుకు అంటే, రక్తం వల్ల. కంటి గోడలో మూడు పొరలుంటే నడిమి పొరను యువియా అంటారు. లాటిన్‌లో ద్రాక్ష అనే మాట నుంచి వచ్చిన పేరు అది. పై తెల్లటి పొర ఒలిచేస్తే కన్ను నల్లద్రాక్షలా కనిపిస్తుందట. ఈ పొరకు ముందు భాగం మనకు అద్దంలో కనిపించే రంగు వలయం, మధ్య భాగం కంటి లోపలి నీరు ఊరే చోటు, వెనక భాగం కోరాయిడ్. కంటికి చేరే రక్తంలో ఎక్కువ భాగం ఈ కోరాయిడ్‌లోనే పారుతుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉండే చోటంటే క్షయ క్రిమికి ప్రాణం. ఈ నడిమి పొరకు వచ్చే వాపే యువియైటిస్. దానికి కారణాలు చాలా ఉన్నాయి: కీళ్లవాతపు జబ్బులు, హెర్పిస్, సిఫిలిస్, టాక్సోప్లాస్మా, సార్కాయిడోసిస్. కొన్నిసార్లు ఏ కారణమూ దొరకదు. క్షయ వాటిలో ఒకటి. మనలాంటి దేశంలో తప్పకుండా గుర్తుచేసుకోవాల్సిన ఒకటి.

కళ్లకలకకూ దీనికీ తేడా ఇంట్లోనే కొంత పట్టుకోవచ్చు. కళ్లకలకలో పుసి కడుతుంది, దురద, ఒక కన్ను తర్వాత రెండోది, పక్కింటి పిల్లలకూ వస్తుంది, చూపు మాత్రం బాగానే ఉంటుంది. యువియైటిస్‌లో పుసి ఉండదు. ఎరుపు నల్లగుడ్డు చుట్టూ వలయంగా కడుతుంది. వెలుతురు ఓర్చుకోలేం. చూపు మసకబారుతుంది. వాపు కంటి వెనక భాగంలోనే ఉంటే ఎరుపూ నొప్పీ ఏమీ లేకుండా చూపు మాత్రమే దొంగతనంగా తగ్గుతుంది. ఇది మరీ ప్రమాదం, ఎందుకంటే నొప్పి లేని జబ్బుకు మనం ఆస్పత్రికి వెళ్లం.

కంట్లో క్షయను మనుషులు చూడటం కొత్తేమీ కాదు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ కంటి లోపలికి చూసే పరికరాన్ని లోకానికి చూపించాడు. నాలుగేళ్లకే, 1855లో, వియన్నా వైద్యుడు ఎడువర్డ్ యేగర్ దానితో చూసి కోరాయిడ్ మీద క్షయ బుడిపెలను వర్ణించాడు. రాబర్ట్ కోచ్ బెర్లిన్‌లో క్షయ క్రిమిని ప్రకటించింది 1882 మార్చి 24న. మరుసటి ఏడాదే జూలియస్ ఫాన్ మిషెల్ ఆ క్రిమిని కంట్లో గుర్తించాడు. అంటే క్రిమి పేరు తెలియకముందే దాని జాడను కంట్లో చూశారు. మెదడు పొరల వాపుతో తెలివి తప్పిన పసిపిల్లల కళ్లలో ఆ బుడిపెలు కనబడితే, జబ్బు క్షయ అని ఇప్పటికీ డాక్టర్లకు అదొక ఆధారం. శరీరాన్ని కోయకుండా లోపలి రక్తనాళాలను నేరుగా చూడగలిగే కిటికీ మనిషికి కన్ను ఒక్కటే.

మన పురాణాల్లో సూర్యచంద్రులు విష్ణుమూర్తి కళ్లు. కుడి కన్ను సూర్యుడు, ఎడమ కన్ను చంద్రుడు. ఆ చంద్రుడికే దక్షుడి శాపం వల్ల క్షయ పట్టింది. ఇరవయ్యేడుగురు భార్యల్లో రోహిణినే ప్రేమించినందుకు. ఆస్పత్రి వరండాలో పిలుపు కోసం కూర్చుని, ఎడమ కంటిని చేత్తో మూసుకుని, చిన్నప్పుడు పెదనాన్న చెప్పిన ఈ కథనే తలుచుకున్నాను.

పరీక్షలు మొదలయ్యాయి. ఇక్కడే ఈ జబ్బులోని అసలు చిక్కు ఉంది. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెప్పాలి.

ఊపిరితిత్తుల క్షయ అయితే కళ్లె పట్టుకెళ్లి పరీక్ష చేస్తారు. క్రిమి కనిపిస్తుంది, లేదా సీబీనాట్ యంత్రం రెండు గంటల్లో దాని జన్యువును పట్టిస్తుంది. మెడ బిళ్ల అయితే సూదితో కాస్త తీస్తారు. కంటిలోంచి ఏం తీస్తారు? ముందుగదిలో ఉండే నీరు మొత్తం కలిపితే పావు మిల్లీలీటరు. చుక్కల మందు లెక్కలో అయిదు చుక్కలు. అందులో రెండు చుక్కలు తీయగలిగితే గొప్ప. ఆ రెండు చుక్కల్లో క్రిమి ఉండాలిగా! కంటి క్షయలో క్రిముల సంఖ్య చాలా తక్కువ. అవి నీళ్లలో తేలుతూ ఉండవు, కణాల్లో నక్కి ఉంటాయి. అమెరికాలో నర్సింగ్ రావు బృందం 2006లో ప్రచురించిన పరిశోధనలో, చివరికి తీసేయాల్సి వచ్చిన ఒక కంటిని పరీక్షిస్తే, రెటీనా కిందనుండే రంగు కణాల పొరలో క్షయ క్రిమి ఆనవాళ్లు దొరికాయి. అక్కడి దాకా బతికున్న కంట్లో ఎవరు చెయ్యి పెడతారు? చూపునిచ్చే పొరలోంచి ముక్క కోసి పరీక్షించడమంటే దీపం వెలుగుతోందో లేదో చూడటానికి వత్తి తీసి చూడటమే. కాబట్టి రుజువు దాదాపు ఎప్పుడూ చేతికి రాదు. దొరికేవన్నీ సందర్భ సాక్ష్యాలు.

నా సాక్ష్యాలు ఇవి. ముంజేతి మీద మాంటూ సూది వేశారు. చర్మం కింద చిన్న బుడగలా లేచింది. మూడో రోజు చూస్తే ఎర్రగా గట్టిపడింది. నర్సమ్మ ఎరుపును వదిలేసి, వేలితో తడిమి గట్టిదనం ఎంతమేర ఉందో పెన్నుతో గుర్తుపెట్టి స్కేలుతో కొలిచింది. 18 మిల్లీమీటర్లు. మన దగ్గర 10 దాటితే పాజిటివ్ అంటారు. ఇగ్రా అనే రక్తపరీక్ష కూడా పాజిటివ్ వచ్చింది. క్షయ క్రిమికి సంబంధించిన ప్రొటీన్లను చూపిస్తే మన రక్తకణాలు గుర్తుపట్టి స్పందిస్తాయా అని చూసే పరీక్ష అది. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా మాంటూను తప్పుదోవ పట్టించవచ్చు, ఇగ్రాను పట్టించదు.

నేను సంబరపడబోయాను. దొరికిపోయింది కదా! డాక్టరమ్మ తల అడ్డంగా ఊపారు. "ఈ రెండు పరీక్షలూ మీ శరీరానికి క్షయతో పరిచయం ఉందని మాత్రమే చెబుతాయి. నిద్రలో ఉందో, లేచిందో చెప్పవు. ఈ వార్డులో పెద్దవాళ్లు పదిమందికి చేస్తే కనీసం ముగ్గురికి పాజిటివ్ రావచ్చు. వాళ్లందరికీ కంట్లో క్షయ ఉన్నట్టా?"

ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉంది. అక్కడితో ఆగి ఉంటే కథ అటకెక్కేది. సీటీ స్కాన్ తీయించారు. ఛాతీ నడుమ లింఫ్ గ్రంథులు రెండు మూడు ఉబ్బి ఉన్నాయి, ఒకదానిలో సున్నం పేరుకుంది. సార్కాయిడోసిస్ అనే జబ్బులోనూ గ్రంథులు ఇలాగే ఉబ్బుతాయి, కంట్లోనూ ఇలాంటి కొవ్వు ముద్దలే కనిపిస్తాయి, దానికి మందు స్టెరాయిడే. ఇది అదనుకుని స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే, నిజంగా క్షయే అయినప్పుడు, నిప్పుకు కాపలా వాళ్లను పంపేసినట్టే. అందుకే రక్తంలో సార్కాయిడోసిస్ ఆనవాళ్లూ చూశారు. సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు చేశారు. చేతికి సూదితో రంగుమందు ఎక్కించి, అది కంటి రక్తనాళాల్లో పారుతుండగా ఫొటోలు తీశారు. కంటి పొరలను అడ్డంగా కోసి చూపినట్టుండే ఓసీటీ స్కాన్ చేశారు. ముందుగదిలోంచి రెండు చుక్కల నీరు కూడా తీశారు. సూది కంట్లోకి రావడం చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో రాయలేను. ఆ నీటిలో ఏమీ దొరకలేదు. "దొరక్కపోతే లేదని కాదు" అన్నారామె ముందే.

నాకు అసహనం పెరిగింది. ఇన్ని పరీక్షలు చేసి, ఔను కాదు ఒక్కమాట చెప్పలేరా? కానీ ఇప్పుడు ఆలోచిస్తే, ఆ రోజు ఆమె తీరుకే నేను రుణపడి ఉన్నాననిపిస్తుంది. ఆమె ఊపిరితిత్తుల డాక్టరుకు ఫోన్ చేశారు. ఇద్దరూ నా ఫైలు ముందేసుకుని మాట్లాడుకున్నారు. కంట్లో క్షయకు తగ్గ గుర్తులున్నాయి: వెడల్పాటి అతుకులు, రక్తనాళాల వెంబడి వాపు, వాటి పక్కన మరకలు. మాంటూ, ఇగ్రా పాజిటివ్. సీటీలో గ్రంథులు. ఇంట్లో ఒకప్పుడు క్షయ. మిగతా కారణాలేవీ లేవు. ఏ ఒక్కటీ రుజువు కాదు. అన్నీ కలిస్తే నమ్మకం.

ఈ నమ్మకం గాలిలో మేడ కాదు. మన దేశమే దీనికి పునాది వేసిన చోట్లలో ఒకటి. చండీగఢ్‌లోని పీజీఐలో అమోద్ గుప్తా, విశాలీ గుప్తా వంటి వైద్యులు దశాబ్దాలపాటు ఇలాంటి రోగులను వరుసగా గమనించారు. 2008లో అక్కడి నుంచి 360 మంది రోగుల వివరాలు ప్రచురించారు. స్టెరాయిడ్‌తోపాటు క్షయ మందులు కూడా తీసుకున్న 216 మందిలో వాపు తిరగబెట్టింది దాదాపు 16 శాతం మందికి. స్టెరాయిడ్ మాత్రమే తీసుకున్నవారిలో దాదాపు 47 శాతం మందికి. నా మూడు సీసాలు ఆ రెండో లెక్కలోవి. తర్వాత వివిధ దేశాల్లోని 25 కేంద్రాలు కలిసి కాట్స్ అనే పేరుతో 962 మంది రోగుల వివరాలు సేకరించాయి. 2017లో వచ్చిన ఆ ఫలితాల్లో, క్షయ మందులు వాడినవారిలో చికిత్స విఫలమైంది 13 శాతం లోపే. ఎవరికి మందులు మొదలుపెట్టాలి, ఎవరికి ఆగాలి అన్నదానిపై ఆ బృందమే ఆ తర్వాత నిపుణుల అభిప్రాయాలు క్రోడీకరించింది. కంటిలో కనిపించే గుర్తులు ఒక్కో రకంగా ఉంటే ఒక్కో నిర్ణయం. పాములా పాకుతూ పోయే ఒక రకం కోరాయిడ్ వాపులో మాంటూ లేదా ఇగ్రా పాజిటివ్ అయితే ఎక్కువమంది నిపుణులు మందులకే మొగ్గుతారు. మొదటిసారి వచ్చిన మామూలు ముందుభాగపు వాపు అయితే అంత తొందరపడరు.

తొందరపడకపోవడం కూడా వైద్యమే. మాంటూ కాగితం ఒక్కటి పట్టుకుని, కంటి గుర్తులు సరిచూడకుండా, మిగతా కారణాలు కొట్టేయకుండా, తొమ్మిది నెలల మందులు రాసేయడమూ అన్యాయమే. అవి మామూలు మందులు కావు. కాలేయాన్ని దెబ్బతీయగలవు. అందులో ఒకటైతే కంటికే శత్రువు కాగలదు. అదే ఇథాంబ్యుటాల్.

కంటిని కాపాడటానికి ఇచ్చే మందుల్లో కంటి నరాన్ని దెబ్బతీయగల మందు ఒకటి ఉండటం విని తమ్ముడు గొడవకు దిగాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. మోతాదు బరువును బట్టి ఉంటుందని, ప్రమాదం ఉన్నా తక్కువేనని, మూత్రపిండాలు బాగుంటే ఇంకా తక్కువని, ముందే కనిపెడితే మందు ఆపేయవచ్చని ఓపికగా చెప్పారు. అది దెబ్బతీసేముందు చాలామందిలో రంగుల తేడా తెలియడం తగ్గుతుంది, ముఖ్యంగా ఎరుపు ఆకుపచ్చల్లో. అందుకే ప్రతినెలా రంగుచుక్కల పుస్తకం తెరిచేవారు. మొదటి పేజీలో చుక్కల మధ్య 12 అనే అంకె ఉంటుంది. రంగులు తెలియనివారికి కూడా అది కనిపిస్తుందట, రోగి సరిగా చదువుతున్నాడా లేదా అని చూడటానికి పెట్టిన పేజీ. తర్వాతి పేజీలే అసలు పరీక్ష. ఇంట్లో అమ్మ ప్రతి ఆదివారం పొద్దున ఒక పండు మిరపకాయ, ఒక పచ్చి మిరపకాయ నా ముందు పెట్టేది. ఒక్కో కన్ను మూసి చూడమనేది. ఏ కంటికైనా ఎరుపు వెలిసినట్టుంటే వెంటనే ఫోన్ చేయాలని డాక్టరమ్మ ఆమెకే చెప్పారు, నాకు కాదు.

నా బరువు 58 కిలోలు. ఆ లెక్కన పొద్దున్నే పరగడుపున నాలుగు బిళ్లలు. ఒక్కో బిళ్లలో నాలుగు మందులూ కలిసే ఉంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. రెండు నెలల తర్వాత పైరజినమైడ్ లేని బిళ్లలు. కంటి క్షయకు మన దేశ మార్గదర్శకాలు ఆరు నుంచి తొమ్మిది నెలలు చెబుతాయి. నాకు తొమ్మిది రాశారు. మొదటి రోజు మధ్యాహ్నానికి మూత్రం నారింజరంగులోకి మారింది. కన్నీరు కూడా. తెల్ల జేబురుమాలు మీద ఆ మరక చూసి రక్తమనుకుని అమ్మ ఏడ్చింది. అది రిఫాంపిసిన్ రంగు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవారికైతే ఆ రంగు లెన్సుకు పట్టేస్తుంది.

వీటితోపాటు స్టెరాయిడ్ బిళ్లలు. ఈసారి స్టెరాయిడ్ శత్రువు కాదు. క్షయ మందులు క్రిమిని చంపుతాయి. కంట్లో విధ్వంసం చేసేది మాత్రం క్రిమి ఒక్కటే కాదు, దాని మీదికి దండెత్తిన మన సొంత సైన్యం కూడా. ఆ సైన్యాన్ని అదుపులో పెట్టకపోతే యుద్ధం గెలిచేలోపు ఊరు తగలబడుతుంది. మెడికల్ షాపు సీసాకూ ఈ బిళ్లకూ తేడా ఒక్కటే: ఇక్కడ కారణానికి మందు పక్కనే ఉంది, మోతాదు ఎప్పుడు తగ్గించాలో చెప్పే మనిషి ఉంది. రిఫాంపిసిన్ స్టెరాయిడ్‌ను శరీరంలోంచి తొందరగా ఖర్చు చేసేస్తుంది కాబట్టి ఆ లెక్క కూడా వేసుకోవాలట. షుగర్, బీపీ, కంటి లోపలి ఒత్తిడి, ప్రతిసారీ చూసేవారు. చుక్కలుగానైనా, బిళ్లలుగానైనా, ఎక్కువకాలం వాడితే శుక్లం, గ్లకోమా రెండూ తెచ్చిపెట్టగల మందు ఇది.

మందులు మొదలైన మూడో వారం. తేరుకుంటున్నానని అనుకుంటుండగా చూపు మళ్లీ పడిపోయింది. బూడిద మచ్చ పెద్దదైంది. పక్కనే ఇంకొకటి. నాకు నమ్మకం పోయింది. ఈ మందులు పనిచేయడం లేదు, ఇది క్షయే కాదు, ఇథాంబ్యుటాల్ కన్ను తినేస్తోంది, ఇలా రాత్రంతా ఆలోచించి, పొద్దున నాలుగు బిళ్లలూ అరచేతిలో పెట్టుకుని మింగకుండా కూర్చున్నాను. అమ్మ డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"ఆపొద్దండీ. ఆ మాత్రలు మింగి, బస్సెక్కి రండి. మాట్లాడదాం."

వెళ్తే రంగుల పరీక్ష చేశారు. బాగానే ఉంది. నరం బాగుంది. మచ్చలు మాత్రం నిజంగానే పెరిగాయి. క్రిములు చచ్చేటప్పుడు వాటి శకలాలు ఒక్కసారిగా బయటపడి, వాటిని చూసి మన రక్షణ వ్యవస్థ ఇంకా రెచ్చిపోవచ్చట. కోరాయిడ్ వాపులో కొందరికి మొదటి వారాల్లో ఇలా జరుగుతుంది. అది మందు ఓటమి కాదని, సాధారణంగా మందు పనిచేస్తున్న గుర్తుగా చూస్తామని, క్షయ బిళ్లలు అలాగే కొనసాగించి స్టెరాయిడ్ పెంచుతామని చెప్పారు. మరీ నెలల తర్వాత కూడా తగ్గకపోతే అప్పుడు మందులకు లొంగని క్షయా, అసలు నిర్ధారణే తప్పా అని మళ్లీ మొదటికి వస్తామన్నారు. ఆ ఫోన్ ఎత్తే మనిషి లేకపోతే నేను ఆ పొద్దున్నే మానేసేవాణ్ని. మానేసినవాళ్లు ఎందరో, వారి గురించే ఈ కథనం రాయాలనిపించింది.

ఇంట్లో ఇంకో కథ జరిగింది. నాకు టీబీ అని తెలిసిన రోజు రాత్రి అన్నం వేరే పళ్లెంలో వచ్చింది. పెదనాన్నకు వాడినలాంటిదే, అంచున్న సత్తు పళ్లెం. గ్లాసు కూడా వేరే. అమ్మ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఆమె కళ్లముందు ఒక మనిషి దగ్గి దగ్గి పోయాడు. క్షయ అంటే ఆమెకు అదే. మరుసటి నెల ఆమెనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పారు. "అమ్మా, ఇది కంట్లో ఉంది. ఊపిరిలో లేదు. దగ్గితే బయటికి రాదు, తుమ్మితే రాదు. మీ అబ్బాయి పక్కన పడుకున్నా, ఎంగిలి తిన్నా మీకు రాదు." ఆ రాత్రి అమ్మ ఆవకాయ అన్నం పెద్ద పళ్లెంలో కలిపి, పెదనాన్న పోయినప్పటి నుంచి ఎవరికీ పెట్టనంత పెద్ద ముద్ద నా చేతిలో పెట్టింది. తానూ అదే పళ్లెంలో తింది.

నా పేరు క్షయ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కింది. క్షయ కేసు ఎవరు గుర్తించినా, ప్రైవేటు వైద్యులైనా సరే, ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధన 2012 నుంచి ఉంది. మందులు మా ఊరి పీహెచ్‌సీలో ఉచితంగా ఇచ్చారు. పోషణకు నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడ్డాయి. 2018లో 500తో మొదలైన పథకం అది, 2024 నవంబరు నుంచి రెట్టింపు చేశారు. మా ఊరి ఏఎన్‌ఎం కంట్లో టీబీ వచ్చిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని చెప్పి, ఎలా ఉంటుందో, ఎలా మొదలైందో వివరంగా అడిగి పుస్తకంలో రాసుకుంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ ఇంత పొడుగ్గా చెప్పాను.

2023లో ప్రపంచంలో కొత్తగా క్షయ బారిన పడ్డవారు కోటీ 8 లక్షల మంది అని అంచనా. వారిలో నాలుగో వంతుకు పైగా మన దేశంవారే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం కొండగాలిలో మనుషులను బతికించిన రోజుల నుంచి, 1950ల్లో ఆ చుట్టుపక్కల పల్లెల్లో బీసీజీ టీకా పరిశోధనల దాకా, క్షయతో మన తెలుగు నేలకు చాలా పాత పరిచయం. ఇంత పరిచయం ఉండి కూడా మనకు క్షయ అంటే దగ్గే, బక్కచిక్కిన ఛాతీయే. కన్ను మసకబారితే ఆ మాట మన నోటికి రాదు. అది ముందు డాక్టర్ల నోటికి రావాలి. రెండోసారి ఎర్రబడిన కంటికి చుక్కలు రాసే ముందు ఒక్క నిమిషం దీపం ఆపి, పాపను పెద్దది చేసి, వెనకదాకా చూడాలి. నా కంటిని మొదటి ఇద్దరిలో ఎవరూ పాప పెద్దది చేసి చూడలేదు. చూసి ఉంటే నాకు ఆ మచ్చ ఉండేది కాదేమో.

ఎందుకంటే మచ్చ పూర్తిగా పోలేదు. తొమ్మిది నెలలు ముగిశాయి. దూరపు పట్టికలో చివరి వరుసకు ముందు వరుస దాకా చదువుతాను. వాక్యం మధ్యలో ఇప్పటికీ ఒక అక్షరం మేర పలచగా ఉంటుంది. పాప ఒకచోట వంకరగానే ఉండిపోయింది. చివరి రోజు డాక్టరమ్మ వెలుగు గీత కంట్లోకి పంపి, చాలాసేపు చూసి, "దుమ్ము లేదండీ" అన్నారు. రంగుల పుస్తకం తెరిచారు. 12. తర్వాతి పేజీలూ చదివాను. మూడు నెలల తర్వాత రమ్మన్నారు, ఈలోగా ఏ చిన్న మసకైనా వెంటనే రమ్మన్నారు.

మొన్న శనివారం పేజీలు ముగిశాక, పేజినేషన్ చేసే కుర్రాడు నా టేబుల్ దగ్గరికొచ్చాడు. నల్లకళ్లద్దాలు తీశాడు. కుడి కంట్లో నల్లగుడ్డు చుట్టూ ఎర్రటి వలయం. "అన్నా, మీకు తగ్గింది కదా, ఆ చుక్కల పేరేంటో చెప్పరా?" అన్నాడు.

"ఎన్నోసారిరా?"

"రెండోసారి అన్నా."

జేబులోంచి అతను తీసిన సీసాను టేబుల్ దీపం కింద పెట్టి, చిన్న అక్షరాల్లో ఉన్న పేరును ఇద్దరం చదివాం. సోమవారం పొద్దున మొదటి బస్సుకు రెండు టికెట్లు తీశాను.